ఫెయిలైన అక్క

చేతికి దొరికిన ప్రతి కాగితం ముక్కనూ బీడీలాగా చుట్టే మనిషిని నేను ఒక్కరినే చూశాను. బస్సు టికెట్టు, హోటలు బిల్లు, ప్రింటరు నలిపి పడేసిన కాగితం, ఏదైనా సరే. ముందు గోటితో అంచు గీసుకునేది, మూలను బొటనవేలి కింద అదిమి ఒక్క తిప్పు తిప్పేది, కొసను లోపలికి మడిచేది. పొగాకు లేదు, దారం లేదు. కళ్లు మాత్రం కంప్యూటరు తెర మీదే ఉండేవి. లోపల లెక్క నడుస్తున్నంతసేపూ ఇక్కడ వేళ్లు నడిచేవి. సాయంత్రానికి బల్ల మీద కాగితపు బీడీలు కుప్ప పడేవి. ఎవరైనా వస్తున్న చప్పుడైతే వాటిని చున్నీతో చెత్తబుట్టలోకి ఊడ్చేసి, ఏమీ ఎరగనట్టు కూర్చునేది.

పేరు రాయను. రాస్తే సిగ్గుపడుతుంది. పోయిన మనిషి ఎలా సిగ్గుపడుతుందని అడగకండి, మా అక్కను మీరు చూడలేదు.

పోయిందన్న కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. కోరుట్లలో ఆమె దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె నేను పాఠాలు చెప్పే కాలేజీలో చేరింది. మాటల్లో మాటగా చెప్పింది. జ్వరమని పడుకుందట, మళ్లీ లేవలేదట. అప్పటికే దినాలు కూడా అయిపోయాయి. ఆ వారమే హైదరాబాదు నుంచి సిరిసిల్ల వెళ్లి, అక్కడ కోరుట్ల బస్సెక్కాను. రుద్రంగి దాటాక చూసుకుంటే నా వేళ్ల మధ్య టికెట్టు చుట్టి ఉంది. అదీ వంకరగా. ఆమె చూస్తే విప్పి మళ్లీ చుట్టేది.

సొంత అక్క కాదు. హైదరాబాదులో యూనివర్సిటీ హాస్టల్లో ఇద్దరిదీ ఒకటే గది, ఒకటే ల్యాబు, ఒకటే సారు. ఆమె నాకంటే కొన్నేళ్ల ముందు చేరింది. నాది సిరిసిల్ల, మా ఇంట్లో సాంచాలు ఉండేవి. మరమగ్గాలను మేము అలాగే అంటాం. ఆ చప్పుడులో పెరిగాను కాబట్టి నేను గుసగుసలాడినా పక్క గదికి వినిపిస్తుంది. ఆమె మాట్లాడితే పక్కన కూర్చున్న నాకే సగం వినిపించేది కాదు. మొదటిరోజు ఏ ఊరని అడిగింది. చెప్పగానే ఆమె భుజాలు దిగాయి.

"సిరిసిల్లనా? అయితె నీ ముంగట పుస్తకం తీరుగ మాట్లాడే తిప్పల్లేదు," అంది.

ఇక మేము చేసే పని. కొన్ని రంగు పదార్థాలు స్ఫటికాలుగా పేరుకుంటాయి. కర్బనపు అణువులు వాటిలో ఒకదాని పక్కన ఒకటి వరసగా సర్దుకుని ఉంటాయి. వెలుగు పడితే ఒక ఎలక్ట్రాన్ ఉన్నచోటి నుంచి లేచిపోతుంది. అది వదిలిన చోట ఖాళీ మిగులుతుంది. లేచిపోయిన ఎలక్ట్రానూ మిగిలిన ఖాళీ చోటూ ఒకదాన్నొకటి లాక్కుంటూ జంటగా తిరుగుతాయి. ఆ జంట ఎంత దూరం తిరుగుతుంది, ఏ రంగు వెలుగును మింగుతుంది, ఎప్పుడు మళ్లీ కలిసిపోతుంది, ఇవన్నీ స్ఫటికాన్ని చేత్తో ముట్టుకోకుండా కంప్యూటరులో లెక్కగట్టడం మా ఉద్యోగం. ఎండ నుంచి కరెంటు తీసే పలుచటి రేకులకు పనికొస్తుందని ఆశ. మా నాన్నకు ఒకసారి వివరంగా చెప్పాను. "అయితె సాంచకు కరెంటు అస్తదా దీంతోని?" అన్నాడు. ఇప్పుడప్పుడే రాదన్నాను. మళ్లీ ఎన్నడూ అడగలేదు.

ఆమె అత్తగారిది కథలాపూర్ దగ్గర పల్లె, కల్లుగీసే ఇల్లు. భర్తను నేను బావా అనేదాన్ని, అదీ ఫోనులోనే. చెట్లు ఎండి, కల్లు తాగేవాళ్లు బ్రాందీ సీసాలకు మళ్లాక ఆయన మస్కట్ వెళ్లాడు. అక్కడ పెద్ద భవనాలు కట్టేటప్పుడు చుట్టూ ఇనుప పైపులతో పరంజీ బిగిస్తారు, ఆ పనిలో పెట్టుకున్నారు. మోకు వేసుకుని తాటిచెట్టు ఎక్కినవాడికి ఎత్తు ఒక లెక్కా అనుకున్నారు. అందరూ గల్ఫు జీతంతో ఊళ్లో మిద్దె కడితే ఈయన పెళ్లాన్ని చదివించాడు. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఆమె అత్త పక్కన కూర్చుని, "కోడలు నీడకు సదువుడేంది, కొడుకు ఎండకు ఎండుడేంది," అనేవాళ్లట. అత్త మాత్రం చాటలో ఆకులు ఇంకాస్త గట్టిగా కత్తిరించేదట.

మొగుడూ పెళ్లాల మధ్య మాట ఒక్కటే. ఆమె పీహెచ్‌డీ పూర్తయితే ఎక్కడో ఒక ఉద్యోగం వస్తుంది. ఆయన మస్కట్ విడిచి ఇంటికి వస్తాడు. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి పొద్దున్నే ఫోను చేసేవాడు. మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే.

"ఎక్కడిదాక అచ్చింది?"

బస్సు గురించి అడిగినట్టే ఉండేది. ఆమె కూడా అలాగే చెప్పేది. "దగ్గరికచ్చింది. గింత మిగిలింది."

మా లెక్కలు చేసే యంత్రాలున్న గదిని ఎప్పుడూ చల్లగా ఉంచాలి. మే నెలలో కూడా అక్కడ శాలువా కప్పుకునేవాళ్లం. అక్క కాసేపు పని చేసి, మిట్టమధ్యాహ్నం బయటికి వచ్చి మెట్ల దగ్గర ఎండలో నిలబడేది. నీడ పక్కనే ఉన్నా అటు జరిగేది కాదు. నేను ఆటపట్టించకుండా ఉండలేను కదా.

"నువ్వు ఈడ నిలవడితె మస్కట్ల నీడ వడుతదా అక్కా?"

"వడది," అంది. "ఊకె. గంతసేపు సల్లగ కూసుంటె సిగ్గయితది."

ఇలాంటి సిగ్గులు ఆమె దగ్గర చాలా ఉండేవి. మెస్సులో రెండోసారి కూర అడగడానికి సిగ్గు. పరిశోధన పత్రంలో తన పేరు మొదట వేస్తే సిగ్గు. ఆ సిగ్గు చూస్తే నాకు ఒళ్లు మండేది. మనం ఎవరి సొమ్మూ దోచుకోలేదు కదా అని కసిరేదాన్ని. నవ్వి ఊరుకునేది.

ఒకసారి బయటి నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు మా సారు ఆమె పనిని పరిచయం చేశారు. మంచి మనిషే, కాకపోతే నలుగురిని నవ్వించకుండా మాట ముగించలేరు. "ఈ అమ్మాయికి ఇది పుస్తకంలో చదవాల్సిన పని లేదండీ. భర్త మస్కట్లో, తనిక్కడ. ఒకటి లేచిపోయింది, ఒకటి ఖాళీగా ఉంది. రెండూ లాక్కుంటున్నాయి," అన్నారు. గది అంతా నవ్వింది. ఆమె తల దించుకుని చేతిలోని కాగితాన్ని చుట్టసాగింది. హాస్టలుకు నడుస్తుంటే నేను సారును తిడుతూ వచ్చాను. ఆమె గేటు దగ్గర ఆగింది.

"ఆ ఎలక్ట్రాన్ ఎంత దూరం పోతది చెల్లె? కంటికి కనవడనంత. పోయిందని తెల్సేలోపే వాపస్ అస్తది, అచ్చుకుంట ఎలుగు గూడ ఇస్తది. సారుకు లెక్క ఎరికె గని దూరమెట్లుంటదో ఎరికలేదు."

ఆమె సారును అంతకంటే కఠినంగా ఒక్క మాట అనగా నేను వినలేదు.

ఆ సంవత్సరం ఆమె థీసిస్ రాయడం దాదాపు అయిపోయింది. అన్నిటికీ మూలం ఒక నీలం స్ఫటికం. అది మింగే వెలుగును ఆమె లెక్కగట్టింది, ప్రయోగం చేసినవాళ్లు కొలిచిన దానితో చక్కగా కలిసింది. పత్రికలో అచ్చయింది కూడా. జరిగింది అర్థం కావాలంటే ఒక చిన్న సంగతి చెప్పాలి. స్ఫటికంలో అన్నిచోట్లా లెక్క చూడటం ఎవరి వల్లా కాదు. గడులుగడులుగా ఒక వల వేసుకుని, గడికొక చోట చూస్తాం. గడి ఎంత సన్నమైతే జవాబు అంత నమ్మదగ్గది, యంత్రానికి అంత బరువు. సన్నం చేసుకుంటూ పోయి, జవాబు ఇక కదలడం లేదని తేలాక ఆగాలి. మా దగ్గర జరిగేది వేరు. యంత్రం మీద ఒక్కొక్కరి వంతు కొద్దిసేపే. జవాబు ప్రయోగంతో కలవగానే ఆగిపోయేవాళ్లం. కలిసినదాన్ని మళ్లీ కెలుక్కునేది ఎవరు? మగ్గాల ఇంటిదాన్ని కాబట్టి నాకు ఇది తొందరగానే ఎక్కింది. పోగులు పలుచగా ఉన్నా గంజి పెడితే గుడ్డ దిట్టంగానే కనిపిస్తుంది, మొదటి ఉతుకు పడేదాకా.

బతుకమ్మ సెలవులకు ల్యాబు ఖాళీ అయింది. నేనూ సిరిసిల్ల వెళ్లాను. థీసిస్‌కు చివరి మెరుగులు ఉన్నాయని ఆమె ఉండిపోయింది. డబ్బా నిండా పండుగకు చేసిన సత్తుపిండి పట్టుకుని తిరిగొచ్చేసరికి తెర ముందు కూర్చుని ఉంది. బల్ల మీద కాగితాలు ఉన్నాయి. ఒక్కటీ చుట్టి లేదు. చేతులు ఒళ్లో ఉన్నాయి. ఆ చేతులు ఊరికే ఉండగా చూడటం నాకు అదే మొదలు.

"ఏమైందక్కా?"

"గడి సన్నం చేసి సూసిన."

"ఎందుకు?"

"అందరు పోయిండ్రు. మిషిన్ ఖాళీగుండె."

"అయితె?"

"జవాబు జరిగింది," అంది. "కొలిచిన దానికెల్లి పక్కకు జరిగింది. ఇంకింత సన్నం చేసిన. ఇంకింత జరిగింది."

సారుకు చెప్పింది. ఆయన ఆ గీతలను చాలాసేపు చూశారు. "ఇది అందరికీ ఉండేదేనమ్మా. ఇంకా సన్నటి వలతో చూడవలసి ఉన్నదని చివర ఒక వాక్యం రాయి. ముందు థీసిస్ ఇచ్చెయ్యి. తర్వాత తీరిగ్గా చేసుకో," అన్నారు. నాకు అదే న్యాయంగా తోచింది. ఇప్పటికీ అప్పుడప్పుడు తోస్తుంది. గదికి వచ్చాక ఆమె మీద విరుచుకుపడ్డాను. బావ అక్కడ రోజులు లెక్కపెట్టుకుంటుంటే నీకు ఈ శుద్ధి ఎందుకు, ఎవరూ చూడని దాన్ని పట్టుకుని ఏడవడం ఎందుకు అని అరిచాను. పక్కగది అమ్మాయిలు తలుపు తీసి చూశారు.

"ఎవ్వలు సూడలే, నిజమే," అంది ఆమె. "నేను సూసిన గదా. ఆయన కట్టిన పైపుల మీద ఇంకోడు ఎక్కి నిలవడుతడు. నేను కట్టిన లెక్క మీద రేపు నువ్వు నిలవడుతవు. నాకు సిగ్గయితది చెల్లె."

శుక్రవారం వచ్చింది. ఆమెది పాత ఫోను, చెవి దగ్గర పెట్టుకుంటే ఆమెకు వినిపించేది కాదు, ఎప్పుడూ పైకి వినపడేలా పెట్టుకుని మాట్లాడేది. అందుకే బావ ఫోను మోగితే నేను బయటికి వెళ్లేదాన్ని. ఆ రోజు లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఎక్కడిదాక అచ్చింది?" అన్నాడు బావ.

"వాపస్ వోయింది."

"అంటే?"

"తప్పు దొరికింది. మొదటికెల్లి చెయ్యాలె. ఏడాది వడుతది. ఇంకింత గూడ వట్టొచ్చు."

అవతల క్యాంపులో ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"తప్పు ఎవ్వలు వట్టిండ్రు? మీ సారా?"

"నేనే."

"మీ సారేమన్నడు?"

"గట్లనే ఇచ్చెయ్యి అన్నడు."

 ఫోను కట్టయిందేమోనని నేను తెర వైపు చూశాను.

"నీకు మనసొప్పుతలేదు," అన్నాడు చివరికి.

"ఒప్పుతలేదు."

"సరె, సెయ్యి. నేను ఈడ ఉన్న గదా." తర్వాత, "తిన్నవా?" అన్నాడు.

ఆమె తిన్నానంది. తినలేదు. ఫోను పెట్టేశాక గోడ వైపు తిరిగి పడుకుంది. "కొంచెం తిట్టినా మంచిగుండేది," అన్నది మాత్రం వినిపించింది. బావ ఆ నెలలోనే వీసా మళ్లీ పొడిగించుకున్నాడు.

ఇంట్లో చెప్పాలి. ఒక్కతే వెళ్లలేనని నన్ను వెంట తీసుకుపోయింది. వాకిట్లో అత్త చాట ముందు కూర్చుని ఉంది. బక్కగా, నిటారుగా, మనిషిని చూడకుండానే చేతి పని ఆపకుండా మాట్లాడే మనిషి. నీళ్లిచ్చింది, నా ఊరు అడిగింది. తర్వాత కోడలితో, "పిలగాడు దసరాకన్న అస్తడనుకుంటి. ఎప్పుడస్తడట?" అంది.

"అత్తమ్మా, నేను ఫెయిలైన," అంది అక్క.

నేను అదిరిపడి ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

"ఇంకో ఏడాది సదువాలె. గందుకే ఆయన ఉంటున్నడు."

అత్త చేతులు ఆగాయి. కొడుకు గది వైపు, గొళ్లెం పెట్టిన తలుపు వైపు చూసింది. తర్వాత చాటను కోడలి వైపు కొద్దిగా జరిపింది. "ఐతివి తియ్యి. ఏం జేస్తం. మావోని నసీబు," అంది. అక్క చాట ముందు కూర్చుంది. అత్తాకోడళ్లిద్దరూ చీకటిపడేదాకా మాట లేకుండా బీడీలు చుట్టారు. నాకు చుట్టడం రాదు, దారపు ఉండ పట్టుకుని కూర్చున్నాను.

తిరుగు బస్సులో దెబ్బలాడాను. ఎందుకు అబద్ధం చెప్పావన్నాను. అచ్చయిన మనిషివి, అందరికంటే సరిగ్గా చేసినదానివి, ఆ నోటితో ఫెయిలయ్యానని ఎలా అన్నావన్నాను.

"నేనే తప్పు వట్టిన అంటె, పట్టకుంటె ఏమాయె అంటది. దానికి నేనేం జెప్పాలె? ఆమె కొడుకు గాడ ఉన్నడు," అంది. "ఫెయిలంటే అందరికి తెల్సిన మాట. ఎవ్వలు ఏం అడుగరు."

అప్పుడు కూడా చేతిలో టికెట్టు ఉంది. చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టింది. యంత్రం మీద తన వంతు కోసం కాచుకుని, సెలవు రోజుల్లో మిగిలిన వాళ్ల వంతులు అడుక్కుని, గడి సన్నం చేసుకుంటూ పోయింది. ఆ నీలం స్ఫటికంలో జంట మేమందరం అనుకున్నదానికంటే చాలా విశాలంగా తిరుగుతుందని, ముతక వలలో ఆ తిరుగుడు పట్టక ముడుచుకుపోయినట్టు కనిపించిందని తేలింది. జవాబు కదలడం మానేసిన రోజు సత్తుపిండి తెచ్చి ల్యాబంతా పంచింది. ఇక రాయడమే మిగిలింది. ఆ రాసే రోజుల్లోనే బావ పరంజీ మీద నుంచి పడ్డాడని ఫోను వచ్చింది.

ప్రాణంతో వచ్చాడు, నడుముతో రాలేదు. అక్క ఒక్క సంచితో హాస్టల్ ఖాళీ చేసింది. థీసిస్ ఇచ్చి పొమ్మని సారు బతిమాలారు, గడువు పెంచారు, మళ్లీ పెంచారు. కోరుట్లలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటరు పిల్లలకు ఫిజిక్స్ చెప్పేది. పొద్దున భర్తకు స్నానం చేయించి బస్సెక్కేది, సాయంత్రం వచ్చి చాట ముందు కూర్చునేది. రాయడం అలా ఉండిపోయింది. నేను అడిగితే, "రాస్త తియ్యి," అనేది. ఒక రోజు తనే ఫోను చేసి, లెక్కలన్నీ ఎక్కడ దాచిందో చెప్పి, "మొత్తం నీకే. మంచిగ సూసుకొని నిలవడు," అంది.

నిలబడ్డాను. నా పీహెచ్‌డీలో మొదటి అధ్యాయం ఆ వల మీదే మొదలవుతుంది. నాకు పట్టా వచ్చింది, దాంతో ఉద్యోగం వచ్చింది. ముందుమాటలో ఆమె పేరు పెట్టి పంపిస్తే ఫోనులో కోప్పడింది. "నా పేరెందుకే, సిగ్గులేదా నీకు?" అంది. లేదనే నవ్వాను అప్పుడు.

ఆమె పోయిందని తెలిసి ఎక్కిన ఆ కోరుట్ల బస్సు వాళ్ల పల్లె దగ్గర దిగేసరికి బావ కర్ర పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. ఆయనను ఎదురుగా చూడటం అదే మొదటిసారి. ఫోనులో గొంతును బట్టి పెద్ద మనిషి అనుకున్నాను, చిన్నగా ఉన్నాడు. ఇంటిదాకా నెమ్మదిగా నడిచాం. వాకిలి ముందు ఆగి, లోపల ఉన్న తల్లికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"మా అవ్వ ముంగట ఆ ముచ్చట తియ్యకు చెల్లె. ఆమె జెప్పలే, నేను జెప్పలే."

"ఇప్పుడన్న చెప్పొద్దా బావా? ఆమె ఫెయిల్ కాలే."

"నాకెరుక లేదా?" అన్నాడు. "ఇప్పుడు జెప్తె మా అవ్వ నా నడుము సూసినప్పుడల్ల ఆమెను యాది జేసుకొని తిట్టుకుంటది. ఇప్పుడైతె కోడలు మంచిదని ఏడుస్తది. ఏడువనియ్యి."

లోపల ఫోటోకు దండ వేసి ఉంది. ముసలామె నన్ను గుర్తుపట్టి, చాట పక్కకు పెట్టి, దగ్గర కూర్చోబెట్టుకుంది. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వేళ్ల కొసలు పొగాకుతో గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి.

"శాన సదివింది బిడ్డా. కండ్లు వోయేటట్టు సదివింది. గని ఫెయిలైంది," అంది. "గదే మనసుల వెట్టుకున్నది. పైకి అనకపోయేది గని, ఫైలు ముంగటేసుకొని కూసునేది."

నిజం నా నోటి దాకా వచ్చింది. గడప దగ్గర బావ కర్ర మీద వాలి, నేల చూస్తూ నిలబడి ఉన్నాడు.

"నువ్వన్న పాసయినవా?"

"అయిన అత్తమ్మా."

ఆ మాట అంటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. జీవితంలో ఏ పరీక్షలోనూ అంత సిగ్గుపడలేదు. ముసలామె నా చేతిని రెండు చేతులతో నొక్కింది, సంతోషపడింది, నిజంగానే సంతోషపడింది.

"సల్లగుండు. నీకు మంచిగ జెప్పేటోళ్లు దొరికినట్టున్నరు," అంది. "మా కోడలికి గసోంటోళ్లు దొరకలే బిడ్డా."

"అవునత్తమ్మా," అన్నాను.